ఆది విప్పకూడదు

మా ఆవిడ విజయశ్రీకి అనుమానం ఎక్కువ అంటే ఆమె ఒప్పుకోదు. జాగ్రత్త అంటుంది. కూరగాయల బండి దగ్గర తూకం మిషన్ మీది అంకె చూడదు, బండివాడి చెయ్యి ఎక్కడుందో చూస్తుంది. నేను ఫోన్ మాట్లాడి పెట్టేస్తే ఎవరని అడగదు, "ఏమన్నరు?" అని అడుగుతుంది. చెప్పే కంగారులో నేనే ఎక్కడో ఒకచోట దొరికిపోతానని ఆమె ధీమా. పెళ్లయిన కొత్తలో కోపం వచ్చేది. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడైతే ఆమె దేన్నీ అనుమానించని రోజున ఒంట్లో బాగాలేదేమోనని నాకే అనుమానం వస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నుంచి సందులోకి తిరిగితే మా దుకాణం. ముందు సగం నాది, పోచంపల్లి చీరలు. వెనక సగం ఆమెది, జాకెట్లు కుట్టడం. చీర కొని జాకెట్టు కుట్టించుకునేవాళ్ల కన్నా, జాకెట్టు కోసం వచ్చి మొహమాటానికి చీర కొనేవాళ్లే మాకు ఎక్కువ. ఈ సంగతి ఆమెకు తెలుసు. నాకు తెలుసని కూడా ఆమెకు తెలుసు. అందుకని దుకాణంలో ఎవరి మాట చెల్లుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఆది అంటే ఏమిటో ఆడవాళ్లకు తెలుసు, మగవాళ్ల కోసం చెబుతున్నాను. ఒంటికి చక్కగా అమరిన పాత జాకెట్టు ఒకటి కుట్టేవాళ్ల చేతికిస్తారు. దాన్ని చూసి కొత్తవి కుడతారు. ఆ పాతదే ఆది. మా మీద గురి ఉన్నవాళ్లు ఆదిని తిరిగి పట్టుకుపోరు, మా దగ్గరే ఉంచేస్తారు. వెనక గోడకు వరసగా సంచులు, ఒక్కో సంచి మీద ఒక్కో పేరు. ఆ గోడ దగ్గర మా ఆవిడ చట్టం ఒకటే. ఆది విప్పకూడదు. మనిషి లావెక్కితే కొత్త జాకెట్టులో వదులు పెట్టాలి. మరీ మారిపోతే మళ్లీ కొలిచి కొత్త ఆది చేసుకోవాలి. అంతేగాని ఉన్న ఆదిలో ఒక్క కుట్టు కూడా ముట్టకూడదు. అమల అని ఒక అమ్మాయి పనిలో చేరిన వారానికే ఒక ఆది పక్క కుట్టు విప్పి, వదులు ఎంతుందో చూసింది. మా ఆవిడ ఆ పూటే ఆమెను పంపించేసింది.

"చిన్నపిల్ల, తెల్వక చేసింది" అన్నాను నేను.

"ఆది విప్పినంక ఇగ దేన్ని చూసి కుడతం?" అంది. నేను చీరల మడతలు సర్దుకున్నాను.

మా తమ్ముడు అరుణ్‌కుమార్, అతని భార్య ఇందు ఎల్బీ నగర్‌లో రెండో దుకాణం తెరిచాక చిక్కు మొదలైంది. బట్ట అక్కడ ఇస్తారు, ఆది ఇక్కడ గోడకు ఉంటుంది. తమ్ముడు సంచులు బండికి తగిలించుకుని ఆ ట్రాఫిక్‌లో తిరిగేవాడు. ఇందు పెళ్లికి ముందు ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేసిన పిల్ల, కుట్టుపని పెళ్లయ్యాక మా ఆవిడ దగ్గరే నేర్చుకుంది. చూసి చూసి, ఆదులన్నీ కొలిచి కంప్యూటర్లో ఎక్కిద్దామంది. మా ఆవిడ తన టేపుతో తనే కొలిచి చెబుతుంటే ఆమె ఎక్కించింది. బాగానే నడిచింది కొన్నాళ్లు. పెన్ డ్రైవ్‌లో పెట్టి ఆ దుకాణానికొకటి, ఈ దుకాణానికొకటి ఇచ్చింది. కొలతలు చూపించే తెర, దాని వెనక కొలతలు, అన్నీ ఒకే ఫైలు.

ఒక గుంటూరు ఆవిడ కొంచెం ఒళ్లు చేసి, ఎల్బీ నగర్‌లో కొత్తగా కొలతలిచ్చింది. తర్వాతి జాకెట్టు బట్ట ఇక్కడ ఇచ్చింది. ఇక్కడి ఫైలుకు ఆ సంగతి ఏం తెలుసు? పాత కొలతతో కుట్టాం. ఆవిడ జాకెట్టు తెచ్చి నా చీరల మీద పెట్టింది.

"ఏవండీ, మొన్ననే కదా మీ వాళ్లు కొలిచారు? రెండు షాపులకి రెండు రకాల ఒళ్లు ఉంటాయా నాకు?" అంది.

ఆ సాయంత్రం ఇందు వచ్చి మా ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"తప్పు నాదే అక్కా" అంది. "తెరను, కొలతలను కలిపి ఒక్కటే మూట కట్టిన. మూటలు రెండైతే రెండు మాటలు చెప్తయి. ఇప్పుడు విడదీస్త. కొలతలు అన్నీ ఒక్క చోటనే ఉంటయి. మన దగ్గర తెరలు మాత్రమే ఉంటయి. ఏ తెరల చూసినా గా ఒక్క చోటి నుంచే ఒస్తది."

"ఒక్క చోట అంటే ఎక్కడ?"

"ఇక్కడ కాదు, అక్కడ కాదు. ఒక కంపెనీ మిషన్లల్ల జర చోటు కిరాయికి తీసుకుంట."

"కొలతలకు కిరాయి ఇల్లా?" అంది మా ఆవిడ. "తాళంచెవి ఎవరి దగ్గర ఉంటది?"

"పాస్‌వర్డ్ నా దగ్గరుంటది. కావాలంటే నీకు గూడ ఇస్త."

ఇందు ఇంకా చాలా చెప్పింది. కత్తిరించే సీతారాములు మాస్టర్ తెర మీద కొలతలుంటాయి గాని పేర్లుండవట. బట్ట తీసుకునే అమ్మాయి తెర మీద పేర్లుంటాయి గాని కొలతలుండవట. "ఆడోళ్ల ఒంటి కొలతలు గదా అక్కా. పేరు, ఫోన్ నంబరు, కొలత మూడూ ఒక్క దగ్గర అందరికీ ఎందుకు కనబడాలె? ఎవరి పనికి ఎంత కావాల్నో అంతే చూపిద్దాం" అంది. నాకు ఆ మాట నచ్చింది. మన ఇంటి ఆడవాళ్ల కొలతలు ఎక్కడెక్కడ ఎవరెవరు చూస్తున్నారోనని ఎప్పుడైనా అనుకున్నామా?

"మరి నాకు?" అంది మా ఆవిడ.

"నీకు అన్నీ కనబడతయి."

"నీకు?"

ఇందు నవ్వింది. "నాకు గూడ."

మా ఆవిడ నవ్వలేదు. ఇంత వివరంలో ఆమె పట్టుకున్నవి రెండే ముక్కలు. ఇక్కడ కాదు, అక్కడ కాదు. కావాలంటే ఇస్త. ఇవ్వాలనుకునే మనిషి కావాలంటే అంటుందా అని ఇల్లు చేరేదాకా నన్ను అడిగింది.

ప్రోగ్రాం వచ్చింది. మా ఆవిడ చేతికి ఒక ట్యాబ్ వచ్చింది. పని సులువైందని లోకమంతా ఒప్పుకున్నా, ఆమె మాత్రం ట్యాబ్‌ను దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి, దొంగ నోటును చూసినట్టు చూసేది. అంతలో ఇందు ప్రవర్తన కూడా అనుమానానికి అనువుగానే ఉండేది. మేము ఎల్బీ నగర్ వెళ్లినప్పుడల్లా ఆ పిల్ల ల్యాప్‌టాప్‌లో ఏదో చేస్తూ ఉంటుంది. మా ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టగానే మూత వేస్తుంది.

"చూసినవా?" అనేది మా ఆవిడ తిరిగి వస్తుంటే.

"ఏం చూడాలె?"

"నువ్వు ఒస్తే ముయ్యలే. నేనొస్తేనే మూసింది."

అనుమానం ఒక ఇంట్లో ఒకరికే ఉంటే దాన్ని గుణం అనుకుంటాం. కొన్నాళ్లకు అది నాకూ అంటింది. తమ్ముడికి ఫోన్ వస్తే దుకాణం బయటికి పోయి మాట్లాడుతున్నట్టు నాకు కనిపించడం మొదలైంది. ఇన్నాళ్లూ లోపలే మాట్లాడేవాడా? ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. కానీ లోపలే మాట్లాడేవాడని నమ్మాను. రెండో దుకాణానికి వేరే పేరు పెట్టుకుని, మా గిరాకీల కొలతలన్నీ చేతిలో పెట్టుకుని, వాళ్లు ఒకరోజు మాకు దండం పెట్టేస్తారని మా ఆవిడ తేల్చింది. కాదని గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నా తమ్ముడు అలాంటివాడు కాదు అన్నాను. ప్రతివాడూ ఎవరో ఒకరికి తమ్ముడే కదా అంది.

స్వర్ణలత మేడం సంగతితో అది ముదిరింది. ఆమె బడంగ్‌పేట్‌లో ఉండే స్కూలు టీచరు. మా దుకాణం తెరిచిన కొత్తలోనే వచ్చిన మనిషి. ఆమెను మా ఆవిడ తప్ప ఎవరూ కొలవలేదు. అలాంటావిడ కొన్ని నెలలుగా కనబడలేదు. ఒకరోజు చీరకు ఫాల్ కోసం వచ్చింది. ఒంటి మీద కొత్త జాకెట్టు.

"మీ చెల్లె కుట్టింది. నాకు ఎల్బీ నగర్ దగ్గర గదా" అంది మేడం. "కొలతలే తీసుకోలే, ఎంత మంచిగ కుదిరిందో చూడు."

మా ఆవిడ భుజం దగ్గర పట్టి చూసింది, నడుము దగ్గర చూసింది. అమరిక తనదే. మేడం వెళ్లాక ఆమె కుర్చీలో కూలబడింది.

"నేను కొలిచినవి అవి. నా చేత్తోని."

"గా ప్రోగ్రాం ఉన్నదే గందుకు గదా" అన్నాను.

"రెండు దిక్కుల బట్ట ఇచ్చేటోళ్ల కోసమని చెప్పింది. నా మనిషిని గుంజుకునేటందుకు గాదు."

అప్పుడు నాకు కొంచెం బాధగా అనిపించింది. కోపం కింద ఉన్నది భయమని తెలిసిపోయింది. ఇన్నేళ్లూ ఆమె గొప్పంతా ఆ గోడకున్న సంచుల్లో ఉంది. మనుషులు ఆ గోడ కోసం ఇక్కడికి వచ్చేవారు. ఇప్పుడు గోడ ఎక్కడికో గాల్లోకి పోయింది. తను ఎవరికీ అక్కర్లేదేమోనన్న భయాన్ని ఆమె ఇందు మీద అనుమానంగా కుట్టుకుంది. ఈ మాట అప్పుడే అనాల్సింది. అనలేదు.

మర్నాడు భోజనం డబ్బా విప్పుతూ తనే చెప్పింది.

"మేడం నడుము ముప్ఫై రెండు. నా ట్యాబ్‌ల ముప్ఫై నాలుగు చేసిన."

"ఎందుకు?" అన్నాను.

"నా దాంట్ల నేను మార్చుకున్న. ఇందు నిజాయితీగ కొలిచి కుడితే ముప్ఫై రెండే ఒస్తది. నా దాంట్లకెళ్లి గుంజితే ముప్ఫై నాలుగు ఒస్తది. తెలిసిపోతది."

"మేడమే ఇక్కడ బట్ట ఇస్తే?"

"నాకు ఆమె కొలతలు నోటికొచ్చు. ఇక్కడ తప్పు పోదు." తర్వాత నన్ను తెలివితక్కువవాణ్ని చూసినట్టు చూసి, "ఎక్కువనే పెట్టిన గదా, తక్కువ పెట్టలే. ఎక్కువైతే కుట్టు లోపలికి ఏసుకోవచ్చు. బట్ట ఖరాబు కాదు" అంది.

పగవాళ్లకు ఉచ్చు పన్నుతూ కూడా గుడ్డ పాడవకుండా చూసుకుంది. అక్కడికి దర్జీ బుద్ధి పని చేసింది. ఉచ్చు రుజువైతే ఏం చేస్తావని అడిగాను.

"ఇందు ఇగ కత్తెర పట్టదు. మన దుకాణాల పేరు మీద ఆమెకు పని లేదు" అంది. "అందరి ముంగట చెప్త."

నేను పెరుగు కలుపుకున్నాను. తమ్ముడికి ఒక ఫోన్ చేస్తే పోయేది. చెయ్యలేదు. నాకూ తెలుసుకోవాలనిపించింది, అదీ సంగతి.

తర్వాత మా ఆవిడ ఎదురుచూపు చూడాలి. గుమ్మం దగ్గర ఏ చీర కదిలినా స్వర్ణలత మేడమేనేమోనని తల ఎత్తేది. చివరికి మేడం వచ్చింది. సంచిలోంచి పట్టు జాకెట్టు తీసి బల్ల మీద వేసింది. పోచంపల్లి చీర కొంగుతో వచ్చిన ముక్క, మా దుకాణం చీరే.

"ఏందమ్మా ఇది? గృహప్రవేశానికి ఏసుకుందామంటే సంచి తొడుక్కున్నట్టుంది. మీ చెల్లెకు ఫోన్ చేసిన. పాపం, మాట రాలే ఆమెకు. తెచ్చియ్యమన్నది. ఈ దిక్కు పనుండి ఇక్కడికే తెచ్చిన."

మా ఆవిడ టేపు తీసింది. అటూ ఇటూ కుట్టు నుంచి కుట్టుకు పెట్టింది. నేను ఆమె ముఖం చూస్తున్నాను. పండగ పూట ఇల్లు కడిగాక గుమ్మానికి వచ్చే మెరుపు లాంటిది వచ్చింది ఆ ముఖంలోకి. "నేను సరిచేసి పంపిస్త మేడం" అంది చాలా ప్రేమగా. మేడం వెళ్లగానే నా వైపు తిరిగి, "ముప్ఫై నాలుగు" అంది.

మా ఇల్లు గడ్డిఅన్నారంలో. అమ్మ వజ్రమ్మ మాతోనే ఉంటుంది. పండ్ల మార్కెట్ తరలిపోయాక ఇక్కడ ఆదివారం ఆదివారంలాగే లేదని ఆమె ఇప్పటికీ అంటుంది. బత్తాయిల వాసన లేకపోతే ఆమెకు తెల్లవారదు. ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు, ఇందు భోజనానికి రావడం మా ఇంటి పద్ధతి. ఆ ఆదివారం అన్నం తిన్నాక, విస్తళ్లు తీసిన చాప మీద మా ఆవిడ ఆ జాకెట్టు పరిచింది. పక్కన టేపు పెట్టింది. అమ్మ గోడకు ఆనుకుని వక్క కత్తిరించుకుంటోంది.

జాకెట్టు చూడగానే ఇందు ముఖం పాలిపోయింది. దొంగతనం బయటపడితే మనిషి ముఖం ఇలాగే ఉంటుందని నేను అనుకున్నాను. ఆ ఆలోచనకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

"నేనే చెప్దామనుకున్న అక్కా" అంది ఇందు. "మేడం ఫోన్ చేసిన కాన్నుంచి నిద్ర లేదు. నా ప్రోగ్రాంల ఏడనో తప్పున్నది. కొలత అదంతట అదే మారింది. మొత్తం వెతికిన, దొరకలే. దొరకని తప్పు ఇంకెంతమందికి చేస్తదో తెల్వదు. ఆడోళ్ల ఒంటి మీద ప్రయోగాలు చెయ్యొద్దు. బంద్ చేసేస్త. మల్ల సంచులు మోసుకుందాం. నేను పాత ఆఫీసుల అడిగిన, వాళ్లు రమ్మన్నరు."

తమ్ముడు తల వంచుకున్నాడు. "నేను వద్దన్న వదినా. ఇంటలేదు" అన్నాడు.

ఇందు కత్తెర వదిలేస్తానంటోంది. మా ఆవిడ కోరుకున్నది అదే. నోరు మూసుకుని కూర్చుంటే అయిపోయేది. కానీ ఆమె తయారుచేసుకున్న నేరారోపణ ఇంకా మిగిలిపోయింది, అది చెప్పకుండా ఉండలేకపోయింది.

"ప్రోగ్రాం సంగతి నాకెందుకు? గా ముప్ఫై నాలుగు నేను పెట్టిన. నా ట్యాబ్‌ల, నా చేత్తోని. నా దాంట్ల పెట్టింది నీ దగ్గరికి ఎట్లొచ్చింది? చెప్పు అందరి ముంగట."

ఇందు తలెత్తింది. కన్నీళ్లు వస్తాయనుకున్నాను, కోపం వస్తుందనుకున్నాను. రెండూ కాదు. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది.

"నువ్వు పెట్టినవా? అయితే ప్రోగ్రాం తప్పు కాదా?" తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "చూసినవా, నేను చెప్పలే? అదంతట అది ఎట్ల మారుతది? అక్క పెట్టింది పెట్టినట్టే ఒచ్చింది. అంటే పని మంచిగనే..."

అక్కడ ఆగింది. నవ్వు ముఖం మీద ఉండగానే, అది ఎందుకు పెట్టిందో ఆమెకు అర్థమవడం మొదలైంది. నవ్వు ఎక్కడిది అక్కడ ఉండిపోయి, కళ్లు మాత్రం మారాయి. నేను నా జీవితంలో చాలా గొడవలు చూశాను గాని అంత కష్టమైన నవ్వు చూడలేదు.

"అక్కా, నీ దాంట్ల అని వేరే లేదు" అంది నెమ్మదిగా. "ట్యాబ్‌ల కొలతలు ఉండవు. అది తెర. నువ్వు తెర మీద రాసినా, నేను రాసినా, పోయి ఒక్క చోటనే పడుతది. నేను నీ దాంట్లకెళ్లి తియ్యలే. మనది ఒక్కటే ఉంది. విడదీసుడంటే గదే."

అమ్మ వక్క కత్తిరించడం ఆపింది. కంప్యూటర్ సంగతి ఆమెకు ఎంత తెలుసో నాకు తెలియదు. ఆది సంగతి తెలుసు.

"అంటే ఆది విప్పినవా విజయా?" అంది.

మా ఆవిడ చాప మీది టేపును చుట్టడం మొదలుపెట్టింది. చుట్ట జారిపోతే మళ్లీ మొదలుపెట్టింది.

"నాదే తప్పుంది అక్కా" అంది ఇందు లేస్తూ. "ఎవరు మార్చిండ్రో, ఎందుకు మార్చిండ్రో రాసే గడి నేను పెట్టలే. పెట్టొచ్చు, పెద్ద పని కాదు. మనింట్ల దానితోని పనేంది అనుకున్న."

వాళ్లు వెళ్లాక మా ఆవిడ వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు. వెళ్లి చూస్తే గిన్నెలన్నీ కడిగి ఉన్నాయి, కడిగినవే మళ్లీ కడుగుతోంది. "ఊకనే పోయింది" అంది. "ఒక్క మాటన్నా తిట్టలే. తిట్టకుంట పోయిందంటే ఏందో ఉన్నది." అలవాటు అంత తొందరగా పోతుందా? కానీ గొంతు ఎప్పటిలా లేదు. "నిజంగ ఆఫీసుకు పోతదా?" అని అడిగింది. ఇందు పోవాలని ఇన్నాళ్లూ చూసిన మనిషే, పోతుందేమోనని ఇప్పుడు వణుకుతోంది. నాకు ఆమె మీద కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి.

ఆ వారంలో ఇందు దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. నాతో "బాగున్నరా బావా?" అంది. వెనక సగంలోకి వెళ్లి మా ఆవిడ ట్యాబ్ అడిగి తీసుకుని, ఏదో ఎక్కించి, ముందు పెట్టింది. తెర మొత్తం మారిపోయింది. అంకెలు బొటనవేలంత ఉన్నాయి.

"ఇది చాన్నాళ్ల కింద మొదలుపెట్టిన" అంది. "మీకు అక్షరాలు కనబడ్తలేవని తెలుసు. అద్దాలు పెట్టుకోమంటే కోపమొస్తదని, పెద్దగ చేసి తెద్దామనుకున్న. మీరు వచ్చినప్పుడల్లా మూసింది దీన్నే. కొలతలు అవే, తెర ఒక్కటే మీ కోసం వేరే."

అక్కా అనలేదు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి నువ్వు అన్న పిల్ల మీరు అంది. మా ఆవిడ అది వినడం నేను చూశాను.

"ఇంకొకటి. ఇప్పటి సంది ఏ కొలత మార్చినా ఎవరు, ఎందుకు అని రాయాలె. రాయకుంటే తీసుకోదు. ఇంతకు ముందు మార్చినదానికి గూడ అడుగుతది. రెండో దుకాణం వాళ్లు సరిచూసి పేరు పెట్టాలె. స్వర్ణలత మేడంది ఇంకా ముప్ఫై నాలుగే ఉంది. మార్చింది మీరు గదా, మీరే సరిచెయ్యిండ్రి." బ్యాగు భుజానికి వేసుకుంది. "నెలాఖరు దాక నేనుంట. తర్వాత ఎవరు చూస్తరో చెప్పుండ్రి, నేర్పిస్త."

ఆమె మెట్రో వైపు వెళ్లిపోయింది. మా ఆవిడ ట్యాబ్ ముందు కూర్చుంది. మేడం పేరు తెరిచింది. ముప్ఫై నాలుగు కొట్టేసి ముప్ఫై రెండు వేసింది. తెర మీద పెద్ద అక్షరాలతో ప్రశ్న వచ్చింది. మొదటిసారి ఎందుకు మార్చారు? దాని కింద ఖాళీ గడి. గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది.

"పొరపాటు అని రాయి, అయిపోతది" అన్నాను వెనక నుంచి.

ఒక గిరాకీ వచ్చింది, వెళ్లింది. ట్యాబ్ తెర ఆరిపోతే ఆమె మళ్లీ వెలిగించింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. వంగి చూశాను.

అనుమానం.

"విజయా, అది ఇక్కడనే ఉండదు" అన్నాను. "అక్కడ గూడ కనబడ్తది. అరుణ్ చూస్తడు, అందరు చూస్తరు."

"తెలుసు. ఇప్పుడు తెలుసు" అంది. నొక్కేసింది.

ఆ రోజంతా ఆమె పని చేస్తూనే ట్యాబ్ వైపు చూసింది. సరిచూసినవారు అన్న గడి ఖాళీగానే ఉంది. మర్నాడూ ఖాళీగానే ఉంది. ఇందు ఫోన్ చెయ్యలేదు, మా ఆవిడ చెయ్యలేదు. నేను తమ్ముడికి చేస్తే, అతను బయటికి పోయి మాట్లాడాడు. ఎందుకో అడగలేదు, ఇక అడగను కూడా. స్వర్ణలత మేడం జాకెట్టును తనే సరిచేస్తానన్న మా ఆవిడ, దాన్ని నా తమ్ముడి చేత ఎల్బీ నగర్‌కే పంపించింది. ఆమె అంత పని చేస్తుందని నేను అనుకోలేదు.

దుకాణం మూసే వేళ దగ్గరపడింది. నేను చీరలు లోపల పెడుతున్నాను. వెనక నుంచి చప్పుడు లేకపోతే వెళ్లి చూశాను. మా ఆవిడ ట్యాబ్‌ను దూరంగా కాదు, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఖాళీ గడి నిండింది. సరిచూసినవారు, ఇందు. దాని పక్కన ఎందుకు అన్న చోట రెండు వాక్యాలు ఉన్నాయి.

మేడంను మళ్లీ కొలిచిన. అక్క మొదట కొలిచిందే సరి.

మా ఆవిడ అక్క అన్న మాట మీద వేలు పెట్టి ఉంచింది. ఆమె ఏడుస్తోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఏడవడం నేను చాలా తక్కువ చూశాను. ఏం చెయ్యాలో తెలియక, పైన ఆమె రాసిన మాట చూపించాను.

"ఇందుతోని చెప్పి గా అనుమానం అన్నది తీసేపిస్త. ఎప్పటికీ అట్లనే ఉంటే మంచిగుండదు."

ఆమె తల అడ్డంగా ఊపింది. చీర చెంగుతో ముందు ట్యాబ్ తుడిచింది, తర్వాత కళ్లు తుడుచుకుంది.

"వద్దు, ఉండనియ్యి" అంది. "ఆది విప్పొద్దు."